భేదము వేరు, బాధ వేరు

వైశాఖమాసమున నూజివీడు ప్రాంతమునకు వచ్చువానికి ఊరి పొలిమేర కనబడకముందే మామిడిపండ్ల వాసన ఎదురువచ్చును. హనుమాన్ జంక్షను మీదుగా వచ్చినను, ఆగిరిపల్లి మీదుగా వచ్చినను త్రోవకు ఇరుప్రక్కల తోటలే. ఆ తోటలనుండి నున్న మార్కెట్టుకు కాయలు మోయు బండ్లే. ఇండ్లలో వరిగడ్డి పరచి మాగవేసిన పండ్లే. ఈ సీమకు పేరు తెచ్చిన చిన్నరసమును కత్తితో కోసి తినువారు లేరు. పండును అరచేతుల నడుమ మెత్తగా నలిపి, ముచ్చిక ఊడదీసి, మొదట వచ్చు సొనబొట్టును పిండి పారవేసి, నోటనుంచుకొని పీల్చుట యిచ్చటి పిల్లలకు ఎవరును కూర్చుండబెట్టి నేర్పనక్కరలేని విద్య.

అట్టి ఊరిలో, అట్టి తోటగల యింట, పదేండ్ల బాలుని ఒకనిని ఊహించుకొందము. వీడు ఏ ఒక్క యింటి పిల్లవాడును కాడు; శాస్త్రగ్రంథములు చెప్పు లక్షణములను పోగుచేసి ఈ వ్యాసముకొరకు కల్పించుకొన్నవాడు. బంగినపల్లి ముక్కలు కోసి యిచ్చినచో వీడు పళ్లెము ఖాళీచేయును. చిన్నరసము పీచు నాలుకకు తగిలినంతనే డోకు వచ్చి ఉమిసివేయును. కన్నులు మూసికొని పండు వాసన చూచి అది కొత్తపల్లి కొబ్బరియో, చెరకురసమో, పెదరసమో తప్పక చెప్పగలడు. తిరునాళ్లలో డప్పు మ్రోగగనే చెవులు మూసికొని తల్లి చీర కుచ్చెళ్లలో తల దాచుకొనును. "నూజివీడులో పుట్టి రసం తినని వాణ్ణి నిన్నే చూశానురా" అని తాత నవ్వును. "మొండితనం వదినా, రెండు తగిలిస్తే అదే తింటాడు" అని మేనత్త సలహా చెప్పును. దసరా సెలవులు ముగిసిన కొన్నాళ్లకే వాడు బడికి పోవుట మానివేసెను. ప్రతిదినమును ఉదయము ఎనిమిది గంటలకు కడుపునొప్పి వచ్చును; తొమ్మిదిన్నరకు తగ్గిపోవును.

క్లినికల్ సైకాలజిస్టు అని మనము పిలుచు చికిత్సా మనస్తత్వవేత్త యొద్దకు ఈ పిల్లవానిని తీసికొని వచ్చినచో ఆయన ఏమి చేయును? మందు వ్రాయడు, మన దేశమున మందు వ్రాయు అధికారము మానసిక వైద్యునిది. హితబోధ చేయడు, అది యింటిలో కావలసినంత జరిగియే యున్నది. ఆయన పని ఒక విభజనతో ఆరంభమగును. ఈ పిల్లవానియందు కనబడువానిలో భేదమేది, బాధయేది? నాలుక పీచును సహింపకుండుట భేదము. బడి తలపునకు వచ్చినంతనే కడుపు మెలిపెట్టుట బాధ. భేదమునకు చోటు కావలెను, బాధకు చికిత్స కావలెను. ఈ రెంటిని కలగలిపి, భేదమునకు చికిత్సచేయబూని బాధను గాలికి వదలివేయుటయే ఈ రంగమున శతాబ్దముపాటు జరిగిన అనేక పొరపాట్లకు మూలము.

ఈ శాస్త్రము పుట్టినదే బడి అపార్థము చేసికొన్న ఒక పిల్లవానివలన. 1896వ సంవత్సరము మార్చి మాసమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మార్గరెట్ మగ్వైర్ అను ఉపాధ్యాయిని, తెలివిగలవాడై యుండియు అక్షరక్రమము పట్టుబడని పదునాలుగేండ్ల విద్యార్థిని, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో తనకు మనశ్శాస్త్రము బోధించుచున్న లైట్నర్ విట్మర్ యొద్దకు తీసికొనివచ్చెను. విట్మర్ మొట్టమొదట వాని కన్నులు పరీక్షింపించెను, దృష్టిదోషము బయటపడినది, కండ్లజోడు వచ్చినది. జోడుతో చూపు కుదిరినను చదువు కుదరకపోవుటచే, పదములను గుర్తుంచుకొను శక్తియందే లోపమున్నదని గ్రహించి, వానికి తగిన విధముగ చదువు చెప్పింపసాగెను. ప్రపంచమున మొదటి మనశ్శాస్త్ర చికిత్సాలయముగ చరిత్రకెక్కినది అదియే. 'క్లినికల్ సైకాలజీ' యను పేరును 1907లో ఆయనయే వాడుకలోనికి తెచ్చెను. ఆ 1896లోనే, నవంబరు మాసమున, ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు చదువురాని మరియొక పదునాలుగేండ్ల బాలుని గూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడి మొత్తములో వీడే మేటియగునని వాని ఉపాధ్యాయుడు అభిప్రాయపడెనట. నేడు డిస్లెక్సియా యనబడు స్థితికి అది తొలి వర్ణనలలో నొకటి.

మన బాలుని వంటివారి భేదమునకు శాస్త్రము పెట్టిన పేరు ఆటిజం; దాని కథ ఇంతకంటె కష్టమైనది. 1925లో రష్యాయందు గ్రున్యా సుఖరేవా, 1943లో బాల్టిమోరునందు పదునొకండుగురు పిల్లలను వర్ణించుచు లియో కానర్, 1944లో వియన్నాయందు హాన్స్ ఆస్పెర్గర్ దీనిని గుర్తించి వ్రాసిరి. పిమ్మట కొన్ని దశాబ్దములపాటు నేరమంతయు తల్లిమీద పడినది. ఆమె మనసున ప్రేమ లేకపోవుటయే బిడ్డను ముడుచుకొనిపోవునట్లు చేసినదని పెద్ద పెద్ద పండితులే పలికిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్, తానును అట్టి కుమారుని తండ్రియైయుండి, ఆ వాదమును ఖండించుచు గ్రంథము వ్రాసెను. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనువారు ఇరువదియొక్క కవలజంటలను పరీక్షించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జంటలలో 4 జంటలయందు ఇరువురికిని ఆటిజం ఉండెను, వేరువేరు అండములనుండి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటయందును అట్లు లేదు. జంటల సంఖ్య చిన్నదైనను, ఈ స్థితికి వేరు వంశబీజములలో నున్నదని అది చూపెను; తరువాత జరిగిన పెద్ద పరిశోధనలు దానినే బలపరచినవి. మన పల్లెలలో నేటికిని "తల్లి ఫోనిచ్చి పాడు చేసింది" అనియు, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది" అనియు వినబడుచుండును కదా! ఆ మాటలు మోయుచున్న తల్లితో 'ఇది నీవు చేసినది కాదమ్మా' అని ధైర్యముగ చెప్పగలుగుట చికిత్సలో చిన్న భాగము కాదు.

1990ల చివరినాటికి ఆటిజం గల వ్యక్తులే తమ మాట తాము చెప్పుకొన మొదలిడిరి. మనుష్యుల మెదళ్లు అన్నియు ఒకే అచ్చున పోసినవి కావనియు, ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా మున్నగునవి ఆ సహజవైవిధ్యములోనివే యనియు వారి సంభాషణలలో రూపుకట్టిన భావమునకు 'న్యూరోడైవర్సిటీ' అను పేరు 1998లో జూడీ సింగర్ సిద్ధాంతవ్యాసమున కనబడినది. దీనిని మనము నాడీవైవిధ్యమని యనుకొనవచ్చును. 2012లో డేమియన్ మిల్టన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు, తానును ఆటిజం గలవాడై, మరియొక మెట్టు పైకెక్కెను: ఆటిజం గలవారికి ఇతరుల మనసు తెలియదనుచున్నారే, ఇతరులకు మాత్రము వారి మనసు తెలియుచున్నదా? అపార్థము ఇరువైపులనుండియు జరుగుచున్నది. వంతెన ఇరుగట్టులనుండియు కట్టవలసియున్నది. మన కథలోని మేనత్తకు పిల్లవాని నోటిలోని పీచు తెలియదు, పిల్లవానికి మేనత్త కోపము తెలియదు. మొండివాడని పేరు మాత్రము ఒక్కనికే వచ్చినది.

ఇక మనస్తత్వవేత్త గదిలోనికి పోవుదము. తొలినాడు ఆయన పిల్లవానిని కన్నులలోనికి చూడుమని నిర్బంధింపడు. చాపమీద కూర్చుండి, వాడు జేబులోనుండి తీసి వరుసగా పేర్చు మామిడిటెంకలను తానును చూచుచుండును. తల్లిదండ్రులను అడుగవలసినవి చాల ఉన్నవి: ఎప్పుడు మెడ నిలిపెను, ఎప్పుడు తొలిమాట పలికెను, పేరుపెట్టి పిలిచిన తిరిగి చూచెడివాడా, వేలుపెట్టి చందమామను చూపించెడివాడా, వినికిడి పరీక్ష జరిగినదా. తరువాత కొలమానములు. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో నెలకొనిన జాతీయ సంస్థ, నేడు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. అనబడునది, ఆటిజంను అంచనావేయుటకు మన దేశపు పిల్లలకొరకే నలువది అంశముల కొలమానము నొకదానిని సిద్ధపరచినది. ఆరు విభాగములుగా నున్న ఆ అంశములలో ఒక్కొక్కదానికి ఒకటినుండి అయిదువరకు మార్కులు పడును. అయితే మంచి మనస్తత్వవేత్త అంకెతో ఆగిపోడు. అంకె భేదమున్నదని చెప్పును. బాధ ఎచ్చటనున్నదో చెప్పదు.

బాధను కనుగొనుటకు ఆయన నాలుగు ప్రశ్నలు వేసికొనును. ఈ పిల్లవాడు ఏ స్వభావముతో పుట్టెను? కష్టమును రేపినదేది? అది ఆరిపోకుండ ఎగదోయుచున్నదేది? వానిని కాపాడుచున్నదేది? మనవాని విషయమున విచారింపగా ఇట్లు తేలినదనుకొందము. పుట్టుకతోనే వాని చెవి మిక్కిలి సునిశితమైనది. దసరా పిమ్మట తరగతిని గంట వ్రేలాడు వసారాకు ఆనుకొనియున్న గదిలోనికి మార్చిరి. ఆ వారముననే బిగ్గరగా పాఠము చదువుచుండగా గంట మ్రోగినది, వాడు పుస్తకము పారవేసి చెవులు మూసికొన్నాడు, తరగతి ఘొల్లుమన్నది. రేపినది అది. మరునాడు ఇంటనుండగా ఎంతో హాయిగా నుండెను. ఆ హాయియే భయమునకు ఎరువైనది, ఏలయన తప్పించుకొన్న ప్రతిసారియు 'తప్పించుకొన్నావు కనుకనే బ్రతికితివి' అని మెదడు పాఠము నేర్చుకొనును. కడుపునొప్పి నటన కాదు. భయపడిన శరీరము ప్రేగులకు పంపు సందేశము. ఇక కాపాడుచున్నది? తాతతో తోటలో తిరుగుట, ప్రతి చెట్టు జాతియు వానికి కంఠస్థమై యుండుట.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. భయము తగ్గించుటకు మనశ్శాస్త్రమున చిరకాలముగా పరీక్షకు నిలిచిన ఉపాయము, భయపెట్టు వస్తువునకు మెల్లమెల్లగా దగ్గరగుట. 1924లో మేరీ కవర్ జోన్స్ అను విదుషి, కుందేలును చూచి హడలు పీటర్ అను పసివానికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును గదిలో ఆ మూలనుంచి దినదినమును కొంచెము కొంచెముగా దగ్గరకు జరిపించి, తుదకు వాడే దానిని నిమురునట్లు చేసెను. అయితే గంటచప్పుడు చెవిలో నొప్పియగు పిల్లవానికి గంట క్రిందనే నిలువబెట్టి 'అలవాటు పడును' అనుట ఈ ఉపాయము కాదు. భయము ఊహలోని ప్రమాదము. దగ్గరగా నిలిచి చూచినచో ప్రమాదము లేదని మెదడు తెలిసికొనును. ఇంద్రియబాధ ఊహకాదు, దగ్గరగా నిలిచినకొలది మెదడు తెలిసికొనునది బాధ నిజమేననియే. కనుక మనస్తత్వవేత్త రెంటిని విడదీయును. గంటనుండి దూరముగ కూర్చుండు చోటు, మ్రోగుటకు రెండు నిమిషములు ముందు ఉపాధ్యాయుని సంజ్ఞ, కావలసినప్పుడు చెవులకు అడ్డు - ఇవి భేదమునకు చోటు. మొదటి దినము సెలవునాటి బడి గేటువరకు, తరువాత ఖాళీ తరగతివరకు, తరువాత ఒక్క పీరియడు, అట్లట్లు పూర్తిదినము - ఇది భయమునకు చికిత్స. మొదటిది చేయక రెండవది చేసినచో హింస. మొదటిది మాత్రమే చేసి రెండవది మానినచో పిల్లవాడు ఇంటికి బందీ.

పెద్దవారికి చేయు చికిత్సకును మూలసూత్రము ఇదియే. 1960లలో, విట్మర్ పనిచేసిన ఆ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయముననే, ఆరన్ బెక్ తలపు, అనుభూతి, చేష్ట యను మూడును ఒకదానినొకటి లాగుచుండునని గమనించి, తలపును సాక్ష్యములతో పరీక్షించు చికిత్సను రూపొందించెను. నాడీవైవిధ్యము గలవారికి దీనిని ఉన్నదున్నట్లు వాడరాదు. 'నీకేమనిపించుచున్నది?' అని అడిగినచో వారిలో పలువురకు జవాబు దొరకదు. అనుభూతి లేక కాదు, దానికి పేరు దొరకక. 1970లలో పీటర్ సిఫ్నియోస్ దీనికి అలెక్సితీమియా అని పేరిడెను. తెలుగు మనస్తత్వవేత్తకు ఇచ్చట భాషయే తోడ్పడును. 'గుండె దడదడలాడుతోంది', 'కడుపులో దేవినట్టుంది', 'ఒళ్లు మండుతోంది', 'తల దిమ్ముగా ఉంది' అను పలుకుబళ్లతో మన భాష మనసును శరీరముమీద చూపును. మనిషి బొమ్మ ఒకటి గీసి ఎచ్చట దడయో, ఎచ్చట మంటయో రంగువేయుమన్నచో, పేరు చెప్పలేనివాడు చోటు చూపగలడు. చోటునుండి పేరునకు పోవచ్చును. నోటిమాట లేనివారు బొమ్మలపలకమీద వేలుంచి చెప్పుదురు, అదియు మాటయే.

డిస్లెక్సియా గల తెలుగుపిల్ల కష్టము మరియొక తీరు. మన లిపిలో దకును ధకును భేదము అడుగునున్న చిన్న గీత. పకు వకు భేదము పైన విడిపోయెనా కలిసెనా యనుట. ఆపైన గుణింతములు, ఒత్తులు చేరి గుర్తింపవలసిన రూపములు వందలకెక్కును. ఇది కంటిదోషమని అనేకులు తలంతురు. మూలమున చాలవరకు కష్టము పదములోని ధ్వనులను విడదీసి అక్షరముతో ముడివేయుటలో నున్నది. కనుక పదిసార్లు ఇంపోజిషను వ్రాయించుట మందు కాదు. ధ్వనిని చప్పట్లతో విరిచి, ఇసుకలో వ్రేలితో దిద్దించి, తక్కువ అక్షరములను ఎక్కువ దినములు నిలకడగ నేర్పుట మందు. ఏడీహెచ్‌డీ గలవాని కష్టము శ్రద్ధ లేకపోవుట కాదు. శ్రద్ధ పగ్గములు చేతికి అందకపోవుట. ఇష్టమైన పనిలో మూడు గంటలు తల యెత్తనివాడు, ఇష్టములేని మూడు లెక్కలకు కూర్చుండలేడు. 'బద్ధకం' అను మాట తీసివేసి, పనిని చిన్న చిన్న ముక్కలుగా విరిచి, కాలమును కంటికి కనబడు గడియారముగా మార్చి, అవసరమైనచో మందుకొరకు మానసిక వైద్యుని యొద్దకు పంపుట మనస్తత్వవేత్త మార్గము.

ఇట్టివారు కొద్దిమంది యనుకొనరాదు. హైదరాబాదుతో సహా మన దేశమున అయిదు చోట్ల జరిగి 2018లో ప్రకటితమైన పరిశోధన, రెండునుండి తొమ్మిదేండ్ల పిల్లలలో దాదాపు ఎనిమిదింట ఒక్కరికి నాడీవికాస సమస్యలలో ఏదో యొకటి ఉన్నదని తేల్చినది; వినికిడి, దృష్టి లోపములు, మూర్ఛ మున్నగునవియు ఆ లెక్కలో చేరియున్నవి. పెద్దవారైన పిమ్మట వీరు మాయమగుదురా? 2008లో నూజివీడున నెలకొనిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వంటి విద్యాలయమునకు, పదవ తరగతి ముగియగనే పల్లె విడిచి ఆరేండ్ల చదువునకు వచ్చు పిల్లలను తలచుకొనుడు. అంతవరకు తల్లి అమర్చిన దినచర్యయే ఊతగా నెగ్గుకొనివచ్చిన పిల్లకు హాస్టలు సందడి, మెస్సు గోల, తెలియని గదిమిత్రులు ఒక్కసారిగా మీదపడును. నలుగురివలె నవ్వుట, నలుగురివలె మాటాడుట నేర్చుకొని పగలంతయు వేషము మోసి, రాత్రి గదిలో కూలబడు బాలికలు, తమ స్థితికి పేరు తెలియక తమ్ము తామే నిందించుకొందురు. వేషము చక్కగా వేయుట నేర్పుట చికిత్స కాదు. ఎచ్చట వేషము తీసివేయవచ్చునో అట్టి చోటును, అట్టి మనిషిని కనుగొనుట చికిత్స.

ఇందులకు చట్టమును తోడున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, పూర్వమున్న ఏడు విధముల వైకల్యములను ఇరువదియొకటికి పెంచి, ఆటిజంను, నేర్చుకొనుటలోని ప్రత్యేక లోపములను అందు చేర్చినది. నిర్ణీత స్థాయి వైకల్యమున్న విద్యార్థికి వ్రాతపరీక్షలలో గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు సమయమీయవలెనని 2018లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు జారీచేసినది. ప్రత్యేకావసరములు గల పిల్లలకొరకు మండలములలో భవిత కేంద్రములున్నవి. మానసిక కష్టములలో నున్నవారికి ఉచితముగ, రేయింబవళ్లు పలుకు టెలిమానస్ 14416 అను ఫోనునంబరు 2022నుండి ఉన్నది. చికిత్సా మనస్తత్వవేత్త యొద్దకు పోవునపుడు, 1992 చట్టమువలన ఏర్పడిన భారత పునరావాస మండలిలో ఆయన పేరు నమోదై యున్నదా యని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. నెలరోజులలో ఆటిజం పోగొట్టెదనని మాట యిచ్చువానియొద్దనుండి మాత్రము బిడ్డను వెంటనే లేవదీసికొని రావలెను.

చిన్నరసము ముక్కలుగ కోయుటకు లొంగలేదని దానిని నిందించు రైతు ఈ సీమలో లేడు. బంగినపల్లి పీల్చుటకు రాలేదని దానిని నరకువాడును లేడు. జాతికి తగిన పోషణ చేయవలెనని వారికి ఎవరును చెప్పనక్కరలేదు. అయితే మనిషిని చెట్టుతో పోల్చుటకు ఒక హద్దున్నది. చెట్టును అడుగలేము కనుక దాని యాకు చూచి ఊహింతుము, మనిషిని అడుగవచ్చును. అడిగి, జవాబునకు వేచియుండుట మనస్తత్వవేత్త విద్యలో మొదటిది.

మన బాలుని తల్లి ఒకనాడు అట్లే అడిగినదనుకొందము. 'ఎందుకు తినవు?' అని కాదు, 'నోట్లో ఎట్లా ఉంటుంది నాన్నా?' అని. వాడు చాలసేపు ఊరకుండి, "వెంట్రుకలు" అన్నాడు. ఆమె లేచిపోయి, గిన్నెమీద పలుచని తెల్లని బట్ట కట్టి, నాలుగు చిన్నరసాలు పిండి వడగట్టినది. పీచంతయు బట్టలో మిగిలినది; గిన్నెలోనికి పసుపుపచ్చని రసము మాత్రము దిగినది. వాడు వాసన చూచెను, ఒక చుక్క నాలుకమీద వేసికొనెను, తరువాత గ్లాసు ఎత్తెను. బడిగేటువరకు నడచుట వచ్చే సోమవారపు పని. దానికి ఓర్పు కావలెను, మనస్తత్వవేత్త కావలెను, కొన్ని వారములు కావలెను. దీనికి మాత్రము ఒక ప్రశ్న, ఒక గుడ్డపేలిక చాలినవి.